సాయంత్రం నాలుగున్నరకి పిల్లలకి వేసే ఆకలి గురించి

సంపాదకుల వారికి నమస్కారమండీ,

మొన్న మన జిల్లా పేజీలో టీనేజీ పిల్లలు జంక్ ఫుడ్‌కి బాగా అలవాటు పడిపోతున్నారని ఒక వార్త వేశారు, బాగా రాశారు, కాకపోతే చివర్లో ఎప్పట్లాగే తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలి అని ఒక్క ముక్క పెట్టి వదిలేశారు. ఆ ముక్క చదివిన దగ్గర్నుంచీ నాకు మనసులో తొలుస్తూనే ఉంది, అందుకే రాస్తున్నాను. నేను విజయనగరంలో ఒక ప్రైవేటు హైస్కూలు గేటుకి దగ్గర్లో పదకొండేళ్ళ నుంచి కిరాణా కొట్టు నడుపుతున్నాను. నాకు టెన్త్ చదివే అమ్మాయి, ఎనిమిదో క్లాసు అబ్బాయి ఉన్నారు. అంటే ఆ ప్యాకెట్లు అమ్మిందీ నేనే, ఆ ప్యాకెట్లు తిన్న పిల్లల తల్లినీ నేనే. అమ్ముతూ చూశాను, ఇంట్లోనూ చూశాను, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను, కొంచెం పొడుగైపోతుందేమో ఏమీ అనుకోకండి.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. పిల్లలు జంక్ ఫుడ్ తింటున్నది నాలుక రుచికే అనుకుంటున్నాం మనమంతా. రుచి ఉంటుంది, కాదనను. కానీ నా కొట్టు ముందు నిలబడే పిల్లల మొహాలు చూస్తే నాకు కనిపించేది ఆకలండీ. వట్టి ఆకలి.

నాలుగూ ఇరవైకి బెల్లు కొడతారు. రెండు నిమిషాలు తిరక్కుండా నా కొట్టు ముందు ముప్పై నలభై మంది మూగిపోతారు, ఒకడి చెయ్యి మీద నుంచి ఇంకొకడు చెయ్యి చాపి ఆంటీ నాకు రెండు, ఆంటీ నాకు ఆ ఎర్రది, ఆంటీ నాకు ముందు ఇవ్వండి ట్యూషన్‌కి లేటైపోతోంది అని. పైన కట్టిన ప్యాకెట్ల దండలు చర్రున చింపి ఇస్తూ ఉంటే అక్కడే నిలబడి పళ్ళతో విప్పేసి, నాలుగు గుక్కల్లో మింగినట్టు తినేసి, ఖాళీ ప్యాకెట్టు కూడా నోట్లోకి వంచుకుని చివరి పొడి దాకా తట్టుకుని మరీ పోతారు. సరదాకి తినేవాళ్ళు అలా తినరు కదండీ.

ఆ పిల్లల రోజు ఎలా ఉంటుందో ఒకసారి లెక్కేయండి. పొద్దున్న ఐదున్నరకి లేపుతాం, ఆరింటికి ఒక ట్యూషను, వచ్చి గబగబా స్నానం, అరముక్క ఇడ్లీ నోట్లో పెట్టుకుని ఏడున్నరకే బస్సు కోసం పరుగు. మధ్యాహ్నం పన్నెండున్నరకి బాక్సు, పొద్దున్న ఆరింటికి నేను కట్టిన అన్నం అప్పటికి చల్లారి ముద్దైపోయి ఉంటుంది, ఇరవై నిమిషాల బ్రేకులో చేతులు కడుక్కోడానికే లైను, సగం తిని సగం తెస్తారు. అక్కడి నుంచి నాలుగూ ఇరవై దాకా క్లాసులు, ఐదు నుంచి ఎనిమిది దాకా మళ్ళీ ట్యూషను, ఇంటికి వచ్చేసరికి ఎనిమిదిన్నర. పన్నెండున్నర నుంచి ఎనిమిదిన్నర అంటే ఎనిమిది గంటలు. కొట్లో కూర్చునే నేనే ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉండలేను, నాలుగింటికి ఒక టీ, ఒక బిస్కెట్టు పడాలి. ఎదిగే పిల్లలు ఎలా ఉంటారు?

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్ళూ ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళూ కలిసి 2020లో ఎవరికి రోజుకి ఎంత తిండి కావాలో లెక్కలిచ్చారు. కూర్చుని పనిచేసే పెద్ద మగవాడికి రోజుకి 2110 కేలరీలు కావాలట. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ళ మగపిల్లాడికి 3320. పదమూడు నుంచి పదిహేనేళ్ళ ఆడపిల్లకి 2400, కూర్చుని పనిచేసే నాలాంటి ఆవిడకి 1660 చాలు. మా అమ్మాయి ఇది చదివి వినిపించినప్పుడు నేను రెండోసారి చదివించుకున్నాను. ఇంట్లో నాన్నకి పెట్టినదానికంటే కొడుక్కి ఒకటిన్నర రెట్లు పెట్టాలి, నాకంటే నా కూతురు ఎక్కువ తినాలి. మరి మనమేమో వాళ్ళని ఎనిమిది గంటలు పస్తుంచి, చేతిలో ఇరవై రూపాయలు పెట్టి, ట్యూషన్ ముందు ఏదో ఒకటి కొనుక్కో అంటున్నాం. ఇరవై రూపాయలకి మా రోడ్డులో ఆ టైముకి దొరికేది ప్యాకెట్లూ, కూల్ డ్రింకులూ, బండి మీద ఎర్రటి మంచూరియా. వేరే ఏదీ లేదు. ఇంక వాళ్ళు ఏం కొనుక్కుంటారు?

నాకు ఈ బుద్ధి ఊరికే రాలేదండీ. మా అమ్మాయికి పోయినేడాది తొమ్మిదో క్లాసులో ఉండగా అస్తమానం కాళ్ళు పీకులు, మేడ మెట్లెక్కితే ఆయాసం, చదువు మీద కూర్చుంటే నిద్ర. ఫోను చూస్తోంది రాత్రుళ్ళు అని నేను తిట్టేదాన్ని. ఒకరోజు స్కూల్లో కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. డాక్టరు గారు కనురెప్ప కిందకి లాగి చూసి, గోళ్ళు చూసి రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది, ఆడపిల్లలకి ఆ వయసులో 12 అన్నా ఉండాలట. ఏం తింటున్నావమ్మా అని ఆయన అడిగితే అది ఒక్కొక్కటీ చెప్తూ ఉంది, పొద్దున్న టీ బిస్కెట్టు, మధ్యాహ్నం కొంచెం అన్నం, సాయంత్రం చిప్సు, కూల్ డ్రింకు, రాత్రి ఆకలుండదు డాక్టర్ గారూ అని. రాత్రి ఆకలి ఉండదు అన్న మాట దగ్గర నేను తలెత్తలేకపోయాను, ఎందుకంటే ఆ చిప్సూ ఆ కూల్ డ్రింకూ మా కొట్లోవే. అమ్మ కొట్టే కదా అని గల్లాపెట్టె పక్క నుంచి తీసుకుని వెళ్ళిపోయేది, నేను కూడా పోన్లే పిల్ల ఆకలి మీద ఉంది అనుకునేదాన్ని.

ఇది మా ఇంటి సంగతి ఒక్కటే కాదండీ. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది, మగపిల్లల్లో కూడా నూటికి 31 మంది. గవర్నమెంట్ స్కూళ్ళలో వారానికొకసారి నీలంరంగు ఐరన్ మాత్ర ఇస్తారు, మా పిల్లల స్కూల్లో ఆ మాటే ఎప్పుడూ వినలేదు. జంక్ ఫుడ్ అంటే లావైపోతారని అందరూ భయపడుతున్నారు గానీ, సన్నగా పుల్లలా ఉండి లోపల రక్తం లేని పిల్లలు కూడా ఆ ప్యాకెట్లతోనే కడుపు నింపుకుంటున్నారు, వాళ్ళని ఎవరూ పట్టించుకోరు ఎందుకంటే చూడ్డానికి బాగానే ఉంటారు.

ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే ఇంట్లో మొత్తం బంద్ అని ప్రకటించేశాను. చిప్స్ లేవు, కూల్ డ్రింక్ లేదు, నూడుల్స్ లేవు, కొట్లోవి ముట్టుకుంటే ఊరుకోను అన్నాను. నెల తిరక్కుండా మా వాడి పరుపు కింద తొమ్మిది ఖాళీ ప్యాకెట్లు దొరికాయి, చక్కగా మడతలు పెట్టి మరీ దాచాడు. వీధి చివర కొట్లో కొనుక్కుంటున్నాడు. నేను గట్టిగా అరిస్తే వాడు ఏడుస్తూ ఒకటే మాటన్నాడు, అమ్మా నాకు ఐదో పీరియడ్ నుంచే ఆకలేస్తుంది, నువ్వు తినొద్దంటావు, మరి ఏటి తినాలో చెప్పవు అని. ఆ మాటతో నాకు నోట మాట రాలేదు. తినకూడనివి వంద చెప్పాను, ఆ నాలుగున్నరకి వాడి చేతిలో పెట్టింది మాత్రం ఏమీ లేదు.

అప్పటి నుంచి తిట్టడం మానేసి ఆ నాలుగున్నర సంగతే చూడ్డం మొదలెట్టాను. మా పిల్లలిద్దరికీ రెండో బాక్సు. పెద్ద వంటలేమీ కాదు, ఒకరోజు ఉడకబెట్టిన గుడ్లు రెండు, ఒకరోజు వేరుశనగ అచ్చూ అరటిపండూ, ఒకరోజు చోడిపిండి, అంటే రాగిపిండి, అట్టు చుట్టి లోపల బెల్లం కొబ్బరీ పెట్టి, ఒకరోజు గుగ్గిళ్ళు. తేగల సీజన్లో తంపటేసిన తేగలు నాలుగు, జామకాయలు వచ్చినప్పుడు జామకాయలు. గుగ్గిళ్ళ మీద నిమ్మకాయ పిండమని డాక్టరు గారే చెప్పారు, పులుపు ఉంటే అందులో ఐరన్ ఒంటికి బాగా పడుతుందట, తిన్న వెంటనే టీ తాగితే పట్టదట. మా ఇంట్లో అన్నం తినగానే టీ తాగే అలవాటు అందరికీ ఉంది, అది ముందు ఆపాం. మా అమ్మాయికి మాత్రలు కూడా వాడాం, నాలుగు నెలల తర్వాత 11.4 వచ్చింది. ఇప్పుడు రాత్రి కూడా అన్నం అడిగి పెట్టించుకుంటోంది.

ఇక కొట్టు సంగతి. మా పిల్లలకి రెండో బాక్సు కట్టి, పక్కింటి పిల్లలకి ఆ ప్యాకెట్లే చింపి ఇస్తూ కూర్చోవడం నాకు చేత కాలేదు. అలాగని ఒక్కసారిగా అన్నీ తీసేస్తే కొట్టు నడవదు, ఇది నిజం, దాచుకోను. స్కూలు పిల్లల బేరం మీదే మా ఇంటి కరెంటు బిల్లూ, పిల్లల ఫీజులో కొంతా వెళ్తాయి. అందుకని ముందు పొయ్యి మీద గుగ్గిళ్ళు పెట్టాను. కేజీ సెనగలు నానబెడితే రెండు కేజీలకి పైనే అవుతాయి, కాగితం పొట్లం పది రూపాయలు. మొదటి రోజు మూడు పొట్లాలు పోయాయండీ. రెండో రోజు నాలుగు. మిగిలినవి ఇంట్లో అందరం తిన్నాం, వీధిలో పంచాం. మా ఆయన వద్దు మానేయ్ అన్నారు.

మూడో రోజో నాలుగో రోజో ఆర్మీ సెలక్షన్ల కోసం రోజూ గ్రౌండులో పరుగులు తీసే కుర్రాడొకడు వచ్చాడు, మా వీధిలోవాడే, పొద్దున్న నా దగ్గరే అరటిపళ్ళు కొంటాడు. సాయంత్రం పిల్లలంతా ఉన్న టైములో వచ్చి రెండు పొట్లాలు ఒకేసారి తీసుకుని అక్కడే నిలబడి తిన్నాడు. ఒక పిల్లాడు అన్నా ఇది తింటే కండలొస్తాయా అన్నాడు. వాడు ఏమీ ఉపన్యాసం ఇవ్వలేదు, పదహారు వందల మీటర్లు పరిగెత్తాలంటే చిప్స్ తింటే రెండో రౌండుకే కడుపులో పట్టేస్తుందిరా, నేను మానేసి ఏడాదైంది అన్నాడు అంతే. ఆ రోజు గిన్నె ఖాళీ. మన జిల్లాల్లో పిల్లలకి ఆర్మీ అన్నా పోలీసు సెలక్షన్లన్నా ఎంత మోజో మీకు తెలుసు. ఊసవానిపేట నుంచి వెళ్ళి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు రకాల లిఫ్టుల్లో కలిపి 240 కేజీలు ఎత్తి పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి గారు మన పక్క జిల్లావాళ్ళే, మన జిల్లాలోనే ఉన్న కొండవెలగాడ ఊరు వెళ్తే ఆడపిల్లలు బరువులెత్తుతూ కనిపిస్తారు. నలభై ఏళ్ళొచ్చాక షుగర్ వస్తుంది, గుండెజబ్బు వస్తుంది అని చెప్తే పధ్నాలుగేళ్ళ పిల్లాడికి అది ఎప్పటి మాట? రేపు పొద్దున్న పరుగులో ఎవడికి ముందు ఆయాసం వస్తుంది అన్నది వాడికి కావాలి. మనం చెప్తే విసుక్కునేవాళ్ళు ఆ అన్న చెప్తే నోరు తెరుచుకుని విన్నారు. స్కూళ్ళ వాళ్ళు ఎవరెవర్నో పిలిచి అవగాహన సదస్సులు పెట్టే బదులు ఇలాంటి కుర్రాళ్ళని, లిఫ్టర్లని ఒక అరగంట పిలిస్తే బాగుంటుందని నా కోరిక.

ఇంకొకటి చేశాను, అది అనుకుని చేసింది కాదు. మా అమ్మాయి కూల్ డ్రింక్ సీసా మీద చిన్నక్షరాలు చదువుతూ అమ్మా వంద మిల్లీలీటర్లకి పదిన్నర గ్రాముల పంచదార అంట అంది. సీసా రెండు వందల యాభై మిల్లీ. కొట్లో కాటా ఉంది కదా, ఒక కాగితం పెట్టి దాని మీద పంచదార పోశాం, ఇరవై ఆరు గ్రాములు వచ్చేదాకా. కుప్పయింది. నిండుగా ఐదు చెంచాలు దాటింది. అప్పుడే వచ్చిన పిల్లలు నలుగురు చూసి ఏటాంటీ అది అన్నారు. ఈ సీసాలో ఉన్నది ఇదేరా అంటే ఒకడు నమ్మలేదు, సీసా తీసుకుని వాడే లెక్క వేసుకున్నాడు, లెక్క సరిపోయింది. మీ ఇంట్లో టీలో ఇంత వేస్తే తాగుతావా అన్నాను, ఛీ అన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు రోజు మొత్తానికి పాతిక గ్రాముల లోపు ఉంటే మంచిదంటారు, ఒక్క సీసాతోనే అది దాటిపోయింది. ఆ కుప్పని ఒక గాజు సీసాలో పోసి, ఆ కూల్ డ్రింక్ సీసా పక్కనే పెట్టి ఉంచాను, ఇప్పటికీ ఉంది. సీబీఎస్ఈ వాళ్ళు 2025 మే నెలలో స్కూళ్ళలో షుగర్ బోర్డులు పెట్టమన్నారు, ఏ డ్రింకులో ఎంత పంచదార ఉందో పిల్లలకి కనిపించేలా. మన స్టేట్ సిలబస్ స్కూళ్ళలో కూడా పెడితే ఏం పోతుంది, ఒక చార్టు, ఒక పావుకేజీ పంచదార, అంతే కదా ఖర్చు. పిల్లల చేతే తూయించండి, వాళ్ళ చేత్తో తూస్తేనే నమ్ముతారు.

అన్నింటికంటే నాకు భయమేసేది ఆ ఎనర్జీ డ్రింకులండీ. ఇరవై రూపాయల సీసా. పరీక్షలు దగ్గర పడ్డాయంటే యూనిఫారంలో వచ్చి ఒకటి ఇప్పుడు తాగి ఇంకొకటి బ్యాగులో పెట్టుకుని వెళ్తారు, రాత్రి మెలకువగా ఉండి చదువుకోడానికట. దాని మీదే రాసి ఉంటుంది పిల్లలకీ, గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ తగదని, భూతద్దం పెట్టుకుంటే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో. నేను యూనిఫారంలో ఉన్నవాళ్ళకి ఇవ్వను అని చెప్పేశాను. ఒక పిల్లాడు మా నాన్నకి ఆంటీ అన్నాడు. మీ నాన్నగారినే రమ్మను బాబూ అన్నాను. పక్క కొట్టుకి వెళ్ళి కొనుక్కుని నా కళ్ళ ముందే తాగి వెళ్ళాడు. ఆ పిల్లాడి తప్పు కాదు. పొద్దున్న ఐదున్నరకి లేచినవాడు రాత్రి పదకొండు దాకా చదవాలంటే ఒళ్ళు సహకరించదు, నిద్రకి బదులు కెఫీన్ పోస్తున్నారు. ఆ తాగింది రాత్రి నిద్ర పట్టనివ్వదు, తెల్లారి మళ్ళీ మత్తు, మళ్ళీ సీసా.

రూల్ లేదా అంటే ఉందండీ. ఫుడ్ సేఫ్టీ వాళ్ళు 2020లోనే నిబంధనలు తెచ్చారు, కొవ్వు, ఉప్పు, పంచదార ఎక్కువున్న తిండి స్కూల్ క్యాంటీన్లో గానీ, స్కూలు గేటుకి యాభై మీటర్ల లోపు గానీ అమ్మకూడదని, 2021 జూలై నుంచి అమల్లో ఉంది. నా కొట్టు గేటుకి ముప్పై అడుగులు. ఇన్నేళ్ళలో ఒక్కరూ వచ్చి ఇలా ఒక రూలుంది అని నాకు చెప్పలేదు, నేను కూడా పేపర్లో చూసే వరకూ ఎరగను. కొట్టువాళ్ళని పట్టుకుని ఫైన్లు వేయమని నేను అడగడం లేదు. అందరికీ ఒకేసారి చెప్పమంటున్నాను. నేనొక్కదాన్నే తీసేస్తే పిల్లలు నాలుగడుగులు ఎక్కువ నడుస్తారు, నా బేరం పోతుంది, పిల్లల కడుపులోకి వెళ్ళేది మాత్రం మారదు. రోడ్డు మొత్తానికి ఒకటే మాటైతే మేమంతా వేరే సరుకు మీద బతకగలం, నేను చేసి చూపిస్తున్నాను కదా.

ఫ్రిజ్ సంగతి కూడా చెప్పాలి. మాలాంటి చిన్న కొట్లకి కూల్ డ్రింక్ కంపెనీల వాళ్ళు ఫ్రిజ్ ఊరికే ఇస్తారు, అందులో వాళ్ళ సరుకే పెట్టాలి. వేసవిలో నేను కింది అరలో మజ్జిగ సీసాలు పెట్టాను, వాళ్ళ మనిషి వచ్చి తీసెయ్యండి లేదా ఫ్రిజ్ పట్టుకుపోతాం అన్నాడు. పట్టుకుపోయారు కూడా. మూడు నెలలు ఐసు పెట్టె మీద నడిపాను, తర్వాత డ్వాక్రా లోను మీద సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ కొన్నాను. అప్పు ఇంకా తీరుతోంది. పిల్లల గేటు ముందు మజ్జిగా, కొబ్బరి నీళ్ళూ, ఉడికిన గుడ్లూ అమ్ముకునే ఆడవాళ్ళకి ఫ్రిజ్‌కీ, బండికీ చిన్న లోన్లు ఇప్పిస్తే అధికారులకి పెద్ద పని కాదు. మన డ్వాక్రా సంఘాల వాళ్ళు ఎంత మంది చేతులు ఖాళీగా ఉన్నారు, ఒక్కో స్కూలు గేటు ముందు ఒక్కో బండి పెట్టుకుంటే వాళ్ళకీ రోజు గడుస్తుంది.

గుగ్గిళ్ళు ఆడాయి గానీ చోడంబలి ఆడలేదు, అది కూడా చెప్పాలి. మా అత్తగారు పొద్దున్నే చోడంబలి తాగి మధ్యాహ్నం దాకా పొలంలో పని చేసేవారు, ఉల్లిపాయ నంజుకుని. ఆ రుచే వేరు. పిల్లలకి మజ్జిగ కలిపి గ్లాసులో ఇస్తే మొహం చిట్లించారు, ముసలోళ్ళ తిండి ఆంటీ అన్నారు. నాకు చివుక్కుమంది. తర్వాత పాలూ బెల్లమూ యాలకులూ వేసి చల్లగా చేసి, పలక మీద రాగి మాల్ట్ అని రాయించింది మా అమ్మాయి. ఇప్పుడు రోజుకి ఇరవై గ్లాసులు పోతోంది. అదే చోడిపిండి. పేరు మార్చాల్సి వచ్చినందుకు బాధే, కానీ కడుపులోకి వెళ్తోంది కదా అని సర్దుకున్నాను. పిడత కింద పప్పు కూడా పెట్టాను, మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, వేరుశనగ గుళ్ళు, నిమ్మకాయ, వాళ్ళ కళ్ళ ముందే కలిపి ఇస్తే ఎగబడి తింటారు. కారంగా, పుల్లగా, కరకరలాడుతూ ఉండాలి వాళ్ళకి, ఆ మాట మనం ఒప్పుకోవాలి. చప్పగా ఉడకబెట్టింది పెట్టి ఆరోగ్యం అంటే ఎవరు తింటారండీ.

సర్కారు బడి పిల్లలకి డొక్కా సీతమ్మ గారి పేరు మీద మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ, రాగిజావ పెడుతున్నారు, 2025 జనవరి నుంచి గవర్నమెంట్ జూనియర్ కాలేజీలకి కూడా భోజనం మొదలెట్టారు, చాలా మంచి పని. వేలకి వేలు ఫీజులు కట్టించుకునే స్కూళ్ళలో చదివే మా పిల్లలకి మాత్రం సాయంత్రం ఒక అరటిపండు పెట్టే దిక్కు లేదు. నేను మా స్కూలు వాళ్ళని అడిగాను, నాలుగూ ఇరవైకి బెల్లు కొట్టాక పది నిమిషాలు క్లాసులోనే కూర్చోబెట్టి తెచ్చుకున్నది తిననివ్వండి, బస్సులు ఎలాగూ పావుగంట ఆగుతాయి కదా అని. చూద్దాం అన్నారు. ఏడాదైంది, చూస్తూనే ఉన్నారు.

ట్యూషన్ మాస్టారు ఒకాయన మాత్రం విన్నారు. ఆయన దగ్గర అరవై మంది దాకా పిల్లలు. ఆరున్నరకి పావుగంట బ్రేకిచ్చి, ఇంటి నుంచి బాక్సు తెచ్చుకోమన్నారు, తెచ్చుకోనివాళ్ళకి నా దగ్గర నుంచి గుగ్గిళ్ళు, గుడ్లు పంపిస్తాను, డబ్బులు నెలాఖరుకి. మొదట్లో పావుగంట పాఠం పోతుందని ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు గొడవ పెట్టారట. ఇప్పుడు ఆయనే చెప్తున్నారు, ఏడు తర్వాత ఆవలింతలు తగ్గాయి, లెక్కలు ఎక్కుతున్నాయి అని. పావుగంటండీ. పెద్ద పెద్ద పథకాలు ఏమీ అక్కర్లేదు, మన రెండు జిల్లాల్లో ప్రతి ట్యూషనూ, ప్రతి హాస్టలూ, స్టడీ అవర్ పెట్టే ప్రతి స్కూలూ ఆ పావుగంట ఇచ్చినా చాలా మారుతుంది.

తోటి తల్లిదండ్రులకి కూడా ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. మార్కులొస్తే పిజ్జా, ఏడుపు ఆపితే చాక్లెట్టు, నేను బిజీగా ఉన్నాను ఆర్డర్ పెట్టుకో అని ఫోను చేతిలో పెట్టింది మనమే. మనమే బహుమతిగా చేసి, తర్వాత అదే తప్పని తిడితే పిల్లలకి ఏం అర్థమవుతుంది? మా ఇంట్లో ఇప్పుడు ఆదివారం సాయంత్రం వాళ్ళకి నచ్చింది తినొచ్చు, పైడితల్లమ్మ పండగ రోజుల్లో లెక్కే లేదు, ఫ్రెండ్స్‌తో వెళ్తే అడ్డు చెప్పను. బండి దగ్గర నూనె నల్లగా ఉందా, నురగ వస్తోందా, మంచూరియా చేతికి ఎర్రరంగు అంటుతోందా, ఈ మూడూ చూసుకోమని చెప్పాను, ఇప్పుడు మా వాడే ఈ బండి వద్దమ్మా నూనె బాలేదు అంటున్నాడు. పరుపు కింద ప్యాకెట్లు లేవు. వారంలో ఒకటో రెండో తింటాడు, నా ముందే తింటాడు, నాకు అది చాలు.

నా కొట్లో ఇప్పటికీ ప్యాకెట్ల దండలు ఉన్నాయి, నాలుగు వరసలుండేవి ఒక వరసకి వచ్చాయి, అది కూడా ముందు నుంచి తీసి వెనక మేకుకి కట్టాను. ముందు బల్ల మీద గుడ్లు, అరటిపళ్ళు, వేరుశనగ అచ్చులు పెట్టాను. ఎదురుగా ఏది కనిపిస్తే చెయ్యి దాని మీదకే వెళ్తుంది, ఆకలి మీద ఉన్నవాడు వెతకడు. ఇది నేను తోటి కొట్లవాళ్ళకి చెప్పేది, ఒక్క నెల ఇలా సర్ది చూడండి. మొదటి రెండు నెలలు నాకు బేరం తగ్గింది, ఇప్పుడు గుగ్గిళ్ళ మీద మిగిలేది ప్యాకెట్ మీద మిగిలేదానికంటే ఎక్కువే.

సంపాదకుల వారూ, మీ పేపరు వాళ్ళని ఒకసారి ఏదో ఒక స్కూలు గేటు దగ్గర నాలుగూ పదికి వచ్చి నిలబడమనండి, కెమెరా లేకపోయినా పర్వాలేదు. తర్వాత ఆరున్నరకి ఏదైనా ట్యూషన్ బయట. అప్పుడు వార్త మీరే వేరేగా రాస్తారు. ఈ ఉత్తరం వేస్తే స్కూలు పేరు, మా వీధి పేరు రాకుండా చూడండి, రోజూ వాళ్ళ మొహాలు చూసుకోవాలి. ఎక్కువైతే మధ్యలో కత్తిరించుకోండి, కానీ ట్యూషన్లలో పావుగంట సంగతి మాత్రం తీసెయ్యొద్దని ప్రార్థన. టైము తొమ్మిదిన్నర అయింది, రేపటికి మూడు కేజీల సెనగలు నానబెట్టాలి, ఉంటానండీ.

ఇట్లు,
ఒక కిరాణా కొట్టు గృహిణి,
విజయనగరం